కండరం గ్రంథిగా గుర్తింపు పొందిన క్రమం: వ్యాయామ హార్మోన్ల పరిశోధన చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వ్యాయామ సమయంలో కండరం కొన్ని రసాయనాలను రక్తంలోకి విడుదల చేస్తుందనీ, అవి దూరంగా ఉన్న అవయవాల పనితీరును మారుస్తాయనీ నేటి శరీరధర్మశాస్త్రం అంగీకరిస్తున్నది. ఈ అవగాహన ఒక్క ఆవిష్కరణతో వచ్చినది కాదు. 1902లో హార్మోను భావనకు పునాది వేసిన ప్రయోగం మొదలుకొని నేటి వరకు ఇది అంచెలంచెలుగా రూపుదిద్దుకొన్నది. ఈ క్రమంలో పరిశోధకులు పదేపదే అడిగిన మూడు ప్రశ్నలను గుర్తించి, వాటి వెలుగులో ఇంటర్‌ల్యూకిన్-6, ఐరిసిన్, మెదడుకు సంబంధించిన ఇతర పదార్థాల చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. కండరానికీ దేహజీవక్రియకూ గల సంబంధం మనుషులలో బలంగా రుజువైందనీ, కండరానికీ మెదడుకూ గల సంబంధం మాత్రం ఇంకా సగం దారిలోనే ఉందనీ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అస్థికండరం, హార్మోను, మయోకైన్, ఇంటర్‌ల్యూకిన్-6, ఐరిసిన్, హిప్పోక్యాంపస్, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం

కండబలం, బుద్ధిబలం అని రెండింటినీ వేరుచేసి చెప్పుకోవడం మనకు అలవాటు. కసరత్తు చేసేవాడికి చదువు అబ్బదనీ, చదువుకునేవాడికి కసరత్తుతో పనిలేదనీ అనుకునే లోకరీతి ఈ విభజన నుండి వచ్చినదే. శాస్త్రబోధనలోనూ చాలాకాలం ఇటువంటి విభజనే కొనసాగింది. కండరాన్ని ఎముకలు, కీళ్లతో కలిపి చలనావయవంగా బోధించారు. హార్మోన్లను పిట్యూటరీ, థైరాయిడ్, అధివృక్క గ్రంథి, క్లోమం వంటి వినాళగ్రంథులతో కలిపి మరొక అధ్యాయంలో బోధించారు. దేహపు బరువులో దాదాపు 40 శాతం ఉండే అస్థికండరాలకు ఆ రెండవ అధ్యాయంలో చోటు దొరకలేదు.

ఈ శతాబ్ది ఆరంభంలో ఆ స్థితి మారింది. కండరం కూడా ఒక స్రావక అవయవమే అన్న మాట పరిశోధనాపత్రాలలోకి, అక్కడి నుండి పత్రికల ఆరోగ్య శీర్షికలలోకి వచ్చింది. ‘వ్యాయామం చేస్తే కండరాల నుండి వచ్చే హార్మోను జ్ఞాపకశక్తిని పెంచుతుంది’ వంటి వాక్యాలు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి. ఈ వాక్యంలో ఎంత నిజం రుజువైంది? ఎంత ఇంకా ఊహగా ఉంది? ఈ ప్రశ్నకు సమాధానం చరిత్రలోనే దొరుకుతుంది.

ఒక అవయవం రక్తం ద్వారా మరొక అవయవంతో మాట్లాడుతున్నదని చెప్పాలంటే మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. మొదటిది: నాడుల సంబంధం తెంచినా సందేశం అందుతున్నదా? రెండవది: సందేశం మోసే పదార్థం నిజంగా ఏ అవయవం నుండి వెలువడుతున్నది? మూడవది: ఆ పదార్థాన్ని అడ్డగిస్తే ఫలితం ఆగిపోతున్నదా? సౌలభ్యం కోసం వీటిని నాడీవిచ్ఛేద పరీక్ష, మూలస్థాన పరీక్ష, నిరోధ పరీక్ష అని ఈ వ్యాసంలో వ్యవహరిస్తున్నాను.

2. హార్మోను భావన: ఒక ప్రయోగం నేర్పిన పద్ధతి

మొదటి పరీక్షకు ఆదర్శం 1902 జనవరిలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జరిగిన ప్రయోగం. ఆహారం చిన్నపేగులోకి చేరగానే క్లోమం జీర్ణరసాన్ని స్రవిస్తుంది. ఈ వార్తను పేగు నుండి క్లోమానికి నాడులే చేరవేస్తాయని రష్యాలో ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాల భావించింది. విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఒక కుక్క చిన్నపేగులోని కొంత భాగానికి నాడుల సంబంధం తెంచి, రక్తనాళాలను మాత్రం ఉంచి, అందులోకి ఆమ్లాన్ని పంపారు. క్లోమం యథాప్రకారం స్రవించింది. పేగు లోపలి పొర నుండి తీసిన సారాన్ని సిరలోకి ఎక్కించినా అదే ఫలితం వచ్చింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ క్రూనియన్ ఉపన్యాసాలలో ఇటువంటి రసాయన వార్తాహరులన్నింటికీ ‘హార్మోను’ అనే పదాన్ని ప్రతిపాదించారు. ఉత్తేజపరచడం అనే అర్థమున్న గ్రీకు ధాతువు దీనికి మూలం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. సెక్రెటిన్‌ను విడుదల చేసే పేగు అప్పటివరకు గ్రంథిగా పేరుపొందిన అవయవం కాదు. జీర్ణక్రియ దాని ప్రధాన ధర్మం. అంటే హార్మోను భావన పుట్టుకలోనే, ఏ అవయవమైనా వార్తను పంపవచ్చునన్న అవకాశం ఇమిడి ఉంది. అయినా ఆ అవకాశాన్ని కండరానికి అన్వయించడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు నూరేళ్లు పట్టింది. దీనికి కారణం ఆ కాలంలో కండరాన్ని చూసిన దృష్టిలో ఉంది.

3. కండరం యంత్రంగా ఉన్న కాలం

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో కండర పరిశోధన అంటే శక్తి లెక్కల పరిశోధన. యంత్రం ఎంత ఇంధనం తీసుకుంటుంది, ఎంత పని చేస్తుంది, ఎంత వేడి పుట్టిస్తుంది, ఏ వ్యర్థం మిగులుస్తుంది అన్నవే ప్రశ్నలు. 1907లో కేంబ్రిడ్జిలో వాల్టర్ ఫ్లెచర్, ఫ్రెడరిక్ హాప్కిన్స్ కప్ప కండరం అలసినప్పుడు అందులో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని కచ్చితమైన కొలతలతో చూపారు. కండరంలో వేడి పుట్టే తీరును కొలిచిన ఆర్చిబాల్డ్ హిల్‌కూ, ఆక్సిజన్ వినియోగానికీ లాక్టిక్ ఆమ్లానికీ గల సంబంధాన్ని నిర్ధారించిన ఓటో మేయర్‌హాఫ్‌కూ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం అప్పటికి స్థిరపడినట్లే కనిపించింది.

ఆ సిద్ధాంతాన్ని కదిలించినవారిలో తెలుగువాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్యవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుమార్పు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షించినప్పుడు, అకర్బన ఫాస్ఫేటుగా అంతవరకు లెక్కించిన దానిలో చాలా భాగం నిజానికి క్రియాటిన్‌తో కూడిన ఒక అస్థిర సంయోగపదార్థమని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థపు జాడను స్వతంత్రంగా కనుగొన్నారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండరం నుండి ఏటీపీని వేరుచేసిన విషయాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలకు చెందిన కార్ల్ లోమన్ కూడా దానిని కనుగొన్నారు. 1930లో కోపెన్‌హాగన్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా అయొడోఅసిటేట్‌తో అడ్డుకున్నా కండరం కొంతసేపు సంకోచించగలదని, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని చూపారు. హిల్ స్వయంగా దీనిని కండర శరీరధర్మశాస్త్రంలో వచ్చిన విప్లవంగా అంగీకరించారు.

ఈ పరిశోధనల విలువ నిస్సందేహమైనది. ఏటీపీ లేకుండా నేటి జీవరసాయనశాస్త్రాన్ని ఊహించలేము. అయితే ఇవన్నీ కండరం లోపల ఏమి జరుగుతుందన్న ప్రశ్నకు సమాధానాలు. ప్రయోగాలు ఎక్కువగా దేహం నుండి వేరుచేసిన కండరంపై జరిగాయి. వేరుచేసిన కండరం నుండి శక్తి లెక్కలు తెలుస్తాయి గానీ, అది కాలేయానికో మెదడుకో ఏమైనా పంపుతున్నదా అన్నది తెలియదు. వార్త అందుకునే అవయవమే ప్రయోగపు బల్లపై లేదు. కండరం నుండి బయటికి వచ్చే పదార్థం ఏదైనా వ్యర్థమే అన్న భావన ఈ పద్ధతికి సహజ పర్యవసానం.

4. సమాజం నుండి వచ్చిన ప్రశ్న

కండరం దేహమంతటిపై ప్రభావం చూపుతుందన్న ప్రశ్న ప్రయోగశాల కంటే ముందుగా లండన్ బస్సులలో తలెత్తింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత గుండెపోట్లు పెరుగుతున్న కాలంలో జెరెమీ మోరిస్ బృందం లండన్ రవాణాసంస్థకు చెందిన సుమారు 31,000 మంది పురుష ఉద్యోగుల వివరాలను పరిశీలించి, 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలను ప్రచురించింది. రెండంతస్తుల బస్సులో డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లు ఇస్తూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కుతాడు, దిగుతాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు. అయినా కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వచ్చినా ఆలస్యంగా వచ్చింది, తీవ్రత కూడా తక్కువే.

మోరిస్ ఈ ఫలితంతో తృప్తిపడలేదు. ముందే లావుగా ఉన్నవారు డ్రైవరు పనిని ఎంచుకొని ఉంటే? 1956లో ఆయన బృందం ఉద్యోగుల యూనిఫాం కొలతలను పరిశీలించగా, డ్రైవర్ల నడుము కొలత ఉద్యోగంలో చేరిన తొలినాళ్ల నుండే ఎక్కువని తేలింది. తన నిర్ణయానికి వ్యతిరేకంగా నిలవగల సాక్ష్యాన్ని తానే వెతికి ప్రచురించిన తీరు పరిశోధన విద్యార్థులు గుర్తుంచుకోదగినది. ఆ తరువాత మరెన్నో అధ్యయనాలు శారీరక శ్రమకూ గుండె ఆరోగ్యానికీ గల సంబంధాన్ని బలపరిచాయి.

1966లో డాలస్‌లో ఇదే ప్రశ్నను తిరగేసి అడిగారు. బెంగ్ట్ సాల్టిన్ తదితరులు ఇరవై ఏళ్ల వయసున్న ఐదుగురు యువకులను మూడు వారాలు మంచానికే పరిమితం చేసి, ఆక్సిజన్‌ను వినియోగించుకోగల వారి సామర్థ్యం ఎంతగా పడిపోయిందో కొలిచారు. ముప్పై ఏళ్ల తరువాత ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షించినప్పుడు, మూడు దశాబ్దాల వయసు చేసిన నష్టం కంటే ఆనాటి మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది. కదలిక లేకపోవడం దేహమంతటికీ చేటు చేస్తుందని ఇలా స్పష్టమైంది. ఆ చేటు ఏ మార్గంలో వస్తుందన్నది మాత్రం మిగిలిపోయింది.

5. ‘వ్యాయామాంశం’ అన్వేషణ

ఆ మార్గం రక్తమే కావచ్చునన్న ఆలోచనను ఎం.ఎస్. గోల్డ్‌స్టీన్ 1961లో ‘డయాబెటిస్’ పత్రికలో స్పష్టంగా ముందుకు తెచ్చారు. శ్రమించే కండరం రక్తంలోకి ఏదో అంశాన్ని విడుదల చేస్తుందనీ, గ్లూకోజ్ తగ్గడానికి అది కారణమనీ కుక్కలపై జరిపిన ప్రయోగాల ఆధారంగా ప్రతిపాదించారు. ఆ అంశమేమిటో గుర్తించే సాధనాలు అప్పుడు లేవు. పేరు తెలియని ఆ పదార్థాన్ని తరువాతి పరిశోధకులు ‘వ్యాయామాంశం’ అని వ్యవహరించారు.

నాడీవిచ్ఛేద పరీక్ష మనుషులలో మరొక రూపంలో జరిగింది. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారిలో కండరానికీ మెదడుకూ మధ్య నాడీమార్గం తెగి ఉంటుంది. అటువంటివారి కాళ్లకు విద్యుత్ ప్రేరణ ఇచ్చి సైకిలు తొక్కించినప్పుడు, ఆరోగ్యవంతులు వ్యాయామం చేసినప్పుడు కలిగే జీవక్రియా మార్పులు అనేకం వారిలోనూ కనిపించాయి. 1990లలో కోపెన్‌హాగన్‌లో జరిగిన ఈ అధ్యయనాలు బేలిస్, స్టార్లింగ్‌ల తర్కాన్నే అనుసరించాయి. నాడి లేకపోయినా వార్త చేరుతున్నదంటే, రక్తం మోస్తున్నదనే అనుకోవాలి.

కోపెన్‌హాగన్ నగరం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపించడం యాదృచ్ఛికం కాదు. కేశనాళికల నియంత్రణపై చేసిన పనికి 1920లో నోబెల్ పొందిన ఆగస్ట్ క్రోగ్ అక్కడివారే. లుండ్స్‌గార్డ్ అక్కడే పనిచేశారు. డాలస్ అధ్యయనం చేసిన సాల్టిన్ 1994లో అక్కడ కండర పరిశోధనా కేంద్రాన్ని స్థాపించారు. బతికి ఉన్న మనిషి కాలి ధమని, సిరల నుండి ఏకకాలంలో రక్తం తీసి కొలిచే నైపుణ్యం అక్కడ స్థిరపడి ఉంది. తరువాతి అడుగుకు అదే ఆధారమైంది.

1986లో రోగనిరోధక కణాలకు సంబంధించిన పదార్థంగా జపాన్ శాస్త్రజ్ఞులు జన్యుస్థాయిలో గుర్తించిన ప్రోటీనే ఇంటర్‌ల్యూకిన్-6. మారథాన్ పరుగు తరువాత రక్తంలో దీని పరిమాణం బాగా పెరుగుతుందని 1990ల ఆరంభంలో తెలిసింది. కొన్ని పరిస్థితులలో ఈ పెరుగుదల నూరు రెట్ల వరకు ఉంటుంది. కండరాలకు గాయాలై శోథ రేగడం వల్ల తెల్ల రక్తకణాలు దీనిని విడుదల చేస్తున్నాయని మొదట భావించారు. అయితే రక్తకణాలలో దీని ఉత్పత్తి పెరగలేదని కొలతలు చూపాయి. 1998లో మారథాన్ పరుగువీరుల కండర నమూనాలలోనే దీని సందేశక ఆర్.ఎన్.ఏ. కనిపించింది.

మూలస్థాన పరీక్ష 2000లో పూర్తయింది. ఆడమ్ స్టీన్స్‌బర్గ్, బెంటే క్లార్లుండ్ పెడర్సన్ తదితరులు ఆరుగురు ఆరోగ్యవంతులైన పురుషులచేత ఐదు గంటలపాటు ఒక్క కాలితోనే వ్యాయామం చేయించారు. రెండవ కాలు విశ్రాంతిగా ఉంది. ధమనిలోకి వచ్చే రక్తాన్నీ, రెండు కాళ్ల సిరల నుండి వెళ్లే రక్తాన్నీ ప్రతి గంటకూ పోల్చారు. పనిచేసే కాలి నుండి ఇంటర్‌ల్యూకిన్-6 వెలువడింది. విశ్రాంతిగా ఉన్న కాలి నుండి వెలువడలేదు. శ్రమించిన కండరం సుమారు 2.5 కిలోలే. రక్తంలో పరిమాణం 19 రెట్లు పెరగడానికి ఆ కొద్దిపాటి కండరమే సరిపోయింది. 2003లో పెడర్సన్ బృందం కండరం నుండి వెలువడే ఇటువంటి పదార్థాలకు ‘మయోకైన్’ అనే పేరును ప్రతిపాదించింది. కండరతంతువులే ఈ పదార్థాన్ని విడుదల చేస్తాయని 2004లో మరింత స్పష్టమైంది. 1997లో కనుగొన్న మయోస్టాటిన్ కూడా కండరంలో పుట్టి కండరం పెరుగుదలను అదుపుచేసే పదార్థమే కాబట్టి, తరువాతి పరిశోధకులు దానిని తొలి మయోకైన్‌గా లెక్కించారు.

ఈ పదార్థం చేసే పనిపైనా దృష్టి మారింది. కండరంలో గ్లైకోజన్ నిల్వలు తగ్గినప్పుడు దీని విడుదల పెరుగుతుంది. అంటే ఇంధనం అడుగంటుతున్నదన్న వార్తను ఇది దేహానికి అందిస్తున్నదని చెప్పవచ్చు. 2003లో ఆరోగ్యవంతులకు ముందుగా వ్యాయామం చేయించి గానీ, ఇంటర్‌ల్యూకిన్-6ను ఎక్కించి గానీ, తరువాత స్వల్పంగా బాక్టీరియా విషాన్ని ఇచ్చినప్పుడు శోథను రేపే టీఎన్ఎఫ్-ఆల్ఫా పెరగలేదు. రోగులలో శోథకు గుర్తుగా భావించిన పదార్థమే ఇక్కడ శోథను అణచింది. దీర్ఘకాలం ఎడతెగక ఉన్నప్పుడు కీడు చేసేది, వ్యాయామంతో కొద్ది గంటలు పెరిగి తగ్గినప్పుడు మేలు చేస్తున్నది.

నిరోధ పరీక్ష 2019లో జరిగింది. కీళ్లవాతానికి వాడే టోసిలిజుమాబ్ ఔషధం ఇంటర్‌ల్యూకిన్-6 పనిని అడ్డుకుంటుంది. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవారిని యాదృచ్ఛికంగా వర్గాలుగా విభజించి, పన్నెండు వారాలు సైకిలు తొక్కించి చూశారు. ఉత్తుత్తి మందు పొందినవారిలో వ్యాయామం వల్ల ఉదరాంతర కొవ్వు తగ్గింది. టోసిలిజుమాబ్ పొందినవారిలో అంతే వ్యాయామం చేసినా తగ్గలేదు. ఒక మయోకైన్ మూడు పరీక్షలనూ మనుషులలోనే ఎదుర్కొన్న అరుదైన సందర్భమిది.

6. ఐరిసిన్: పేరు ముందు, రుజువు వెనుక

ఐరిసిన్ కథ ఇందుకు భిన్నంగా నడిచింది. హార్వర్డ్‌కు చెందిన బ్రూస్ స్పీగల్‌మన్ ప్రయోగశాల 1998లో పీజీసీ-1 ఆల్ఫా అనే జన్యు నియంత్రకాన్ని కనుగొన్నది. వ్యాయామంతో కండరంలో ఇది పెరుగుతుంది. 2012లో అదే ప్రయోగశాలకు చెందిన పొంటస్ బోస్ట్రోమ్ తదితరులు, దీని ప్రభావంతో కండరకణపు పొరపై ఉండే ఎఫ్‌ఎన్‌డీసీ5 అనే ప్రోటీన్ నుండి ఒక ముక్క తెగి రక్తంలోకి చేరుతుందనీ, అది తెల్ల కొవ్వును వేడిపుట్టించే గోధుమ కొవ్వు లక్షణాల వైపు మళ్లిస్తుందనీ ప్రకటించారు. దానికి గ్రీకు పురాణాలలో దేవతల వార్తాహరి అయిన ఐరిస్ పేరు మీదుగా ఐరిసిన్ అని పేరు పెట్టారు.

పేరు ఆకర్షణీయమైనది కావడంతో వార్త వేగంగా వ్యాపించింది. ఐరిసిన్‌ను కొలిచే పరీక్షా సామగ్రి బజారులోకి వచ్చింది. వందలాది పత్రాలు వెలువడ్డాయి. అయితే వివిధ ప్రయోగశాలలు చెప్పిన పరిమాణాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 2013లో మరొక అభ్యంతరం వచ్చింది. ప్రోటీన్ తయారీ ప్రారంభాన్ని సూచించే ఏటీజీ సంకేతం ఎలుక జన్యువులో ఉండగా, మనిషి జన్యువులో అదే చోట ఏటీఏ ఉంది. మనిషిలో ఈ ప్రోటీన్ తగినంతగా తయారవుతుందా అన్నది దీనితో సందేహాస్పదమైంది. 2015లో ఒక బృందం, బజారులో దొరికే ప్రతిదేహాలు ఐరిసిన్‌తో పాటు రక్తంలోని ఇతర ప్రోటీన్లకూ అంటుకుంటున్నాయని చూపి, ఐరిసిన్ ఒక కల్పన మాత్రమేనని పత్రం శీర్షికలోనే ప్రకటించింది.

అదే సంవత్సరం స్పీగల్‌మన్ బృందం ప్రతిదేహాలను పక్కనబెట్టి, ద్రవ్యరాశి వర్ణపటమాపనం ద్వారా మనిషి రక్తంలో ఐరిసిన్‌ను నేరుగా గుర్తించింది. శ్రమ లేనివారిలో మిల్లీలీటరుకు సుమారు 3.6 నానోగ్రాములు, వ్యాయామ శిక్షణ పొందినవారిలో సుమారు 4.3 నానోగ్రాములు ఉన్నాయని తేలింది. ఐరిసిన్ కల్పన కాదు. కానీ వ్యాయామంతో దానిలో వచ్చే పెరుగుదల, మునుపటి పత్రాలు కొన్ని సూచించినంత భారీది కాదు. కొలిచే సాధనాన్ని పరీక్షించకుండా కొలతను నమ్మినందువల్ల మూడేళ్లపాటు ఒక పరిశోధనారంగం గందరగోళంలో పడింది. సుబ్బారావు, ఫిస్కేల విషయంలో కొలిచే పద్ధతి ముందు సిద్ధమై, ఆవిష్కరణ తరువాత వచ్చింది. ఇక్కడ ఆ క్రమం తలకిందులైంది.

7. మెదడు దాకా చేరిన మాట

వయసు వచ్చిన మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవన్న అభిప్రాయం ఇరవయ్యవ శతాబ్దిలో చాలాకాలం నిలిచింది. 1965లో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎలుక హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలను చూపినా అది వెంటనే ఆమోదం పొందలేదు. జ్ఞాపకాల నిర్మాణానికి హిప్పోక్యాంపస్ కీలకమైన భాగం. 1995లో కార్ల్ కాట్‌మన్ ప్రయోగశాల, చక్రంలో స్వేచ్ఛగా పరుగెత్తిన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్ అనే నాడీపోషక పదార్థపు సందేశక ఆర్.ఎన్.ఏ. పెరిగిందని చూపింది. 1999లో హెన్రియెట్ వాన్ ప్రాగ్, గెర్డ్ కెంపర్‌మన్, ఫ్రెడ్ గేజ్ పరుగెత్తిన ఎలుకలలో కొత్త నాడీకణాలు అధికంగా పుడతాయని నిరూపించారు. మనుషులలో ఇటువంటి కణాలు పెద్దవయసులో పుడతాయా లేదా అన్న విషయంలో 2018లో కూడా పరస్పర విరుద్ధమైన పత్రాలు వెలువడ్డాయి. అయితే 2011లో 120 మంది వృద్ధులపై ఏడాదిపాటు జరిగిన అధ్యయనంలో, క్రమంగా నడక సాగించినవారి హిప్పోక్యాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. శరీరాన్ని సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది తగ్గింది.

వ్యాయామం మెదడుకు మేలు చేస్తుందన్నది ఇలా బలపడింది. కానీ ఆ మేలును కండరమే పంపుతున్నదా? బీడీఎన్‌ఎఫ్ విషయంలో మూలస్థాన పరీక్ష ఆశ్చర్యకరమైన జవాబిచ్చింది. సంకోచించే కండరంలో బీడీఎన్‌ఎఫ్ పెరుగుతుంది గానీ, అది రక్తంలోకి చేరినట్లు కనిపించలేదని 2009లో కోపెన్‌హాగన్ బృందం ప్రకటించింది. అదే సంవత్సరం అక్కడివారే నాలుగు గంటలపాటు రోయింగ్ చేసినవారి ధమనిలోని రక్తాన్నీ, మెదడు నుండి తిరిగివచ్చే కంఠసిర రక్తాన్నీ పోల్చారు. రక్తంలో తిరిగే బీడీఎన్‌ఎఫ్‌లో 70 నుండి 80 శాతం మెదడు నుండే వస్తున్నదని అంచనా కట్టారు. కాబట్టి కండరం బీడీఎన్‌ఎఫ్‌ను మెదడుకు పంపుతుందన్న ప్రచారానికి ఈ కొలతలు మద్దతు ఇవ్వవు. కండరం వేరొక వార్త పంపితే మెదడు తన బీడీఎన్‌ఎఫ్‌ను తానే పెంచుకుంటున్నదని భావించడం సమంజసం.

ఆ వేరొక వార్త ఏదన్న ప్రశ్నకు ఎలుకల నుండి పలు జవాబులు వచ్చాయి. 2013లో ఎఫ్‌ఎన్‌డీసీ5ను కాలేయం ద్వారా రక్తంలో పెంచినప్పుడు హిప్పోక్యాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్ పెరిగింది. 2019లో బ్రెజిల్ శాస్త్రజ్ఞుల నాయకత్వంలో జరిగిన పరిశోధన, అల్జైమర్స్ వ్యాధి నమూనా ఎలుకలలో వ్యాయామపు మేలుకు ఐరిసిన్ అవసరమని సూచించింది. 2014లో స్వీడన్ పరిశోధకులు చూపిన మార్గం మరీ విలక్షణమైనది. శిక్షణ పొందిన కండరం మెదడుకు ఏదీ పంపనవసరం లేదు. ఒత్తిడి సమయంలో పెరిగే కైనూరెనిన్ అనే హానికర పదార్థాన్ని మెదడులోకి చొరబడలేని రూపానికి మార్చి, దాని దారిని మూసివేస్తుంది. 2016లో వాన్ ప్రాగ్ బృందం కెథెప్సిన్-బి అనే మయోకైన్ లేని ఎలుకలలో పరుగు వల్ల కొత్త నాడీకణాలు, జ్ఞాపకశక్తి పెరగలేదని చూపింది. ఇది నిరోధ పరీక్షే. మనుషులలో మాత్రం ఆ పదార్థానికీ జ్ఞాపకశక్తికీ మధ్య సహసంబంధం వరకే చూపగలిగారు.

2020లో మరొక మలుపు వచ్చింది. వ్యాయామం చేసిన ఎలుకల రక్తద్రవాన్ని చేయని ముసలి ఎలుకలకు ఎక్కించగా వాటి జ్ఞాపకశక్తి మెరుగుపడింది. అందుకు కారకంగా గుర్తించిన జీపీఎల్‌డీ1 అనే ఎంజైమ్ కండరం నుండి కాదు, కాలేయం నుండి వస్తుంది. శ్రమించేది కండరమే అయినా, మాట్లాడేది కండరం ఒక్కటే కాదని దీనివల్ల స్పష్టమైంది. ఏ అవయవం నుండి వచ్చినా వ్యాయామ సంబంధ వార్తాహరులన్నింటికీ ‘ఎక్సర్‌కైన్’ అనే విశాలమైన పేరు 2016లోనే వాడుకలోకి వచ్చింది.

8. వ్యర్థం వార్తగా మారడం

ఈ చరిత్ర మొదట విడిచిన చోటికే తిరిగి వచ్చింది. 1907లో అలసటకు గుర్తుగా కొలిచిన లాక్టిక్ ఆమ్లం వ్యర్థం కాదనీ, దాని లాక్టేట్ రూపాన్ని ఇతర కండరాలు, గుండె ఇంధనంగా వాడుకుంటాయనీ 1980లలో జార్జ్ బ్రూక్స్ వాదించారు. 2019లో ఎలుకలపై జరిగిన పరిశోధన, లాక్టేట్ మెదడుకు చేరి అక్కడ బీడీఎన్‌ఎఫ్‌ను పెంచుతుందని సూచించింది. 2022లో లాక్టేట్, ఫినైల్‌అలనిన్ కలిసి ఏర్పడే ఒక పదార్థం వ్యాయామం తరువాత పెరిగి, ఎలుకలలో ఆకలిని తగ్గిస్తుందని తేలింది. యంత్రపు పొగగా భావించినదే వార్తగా పరిగణన పొందింది. పదార్థం మారలేదు, దానిని చూసే దృష్టి మారింది.

ఇన్ని వార్తలు తెలిసినప్పుడు వ్యాయామాన్ని మాత్రగా చేయవచ్చు కదా అన్న ఆశ సహజం. వెన్నుపాము దెబ్బతిన్నవారికి, మంచం పట్టిన వృద్ధులకు అది నిజమైన అవసరం కూడా. అయితే ఇంటర్‌ల్యూకిన్-6 అనుభవం ఇక్కడ హెచ్చరికగా నిలుస్తుంది. ఒకే పదార్థం కొద్ది గంటలు ఉంటే ఒక ఫలితం, నెలల తరబడి ఉంటే మరొక ఫలితం. వ్యాయామం ఒక్క పదార్థాన్ని కాక అనేక పదార్థాలను, వేర్వేరు అవయవాల నుండి, వేర్వేరు వేళలలో విడుదల చేస్తుంది. ఆ లయను ఒక మాత్రలో పెట్టడం సులభం కాదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. హార్మోను భావనలోనే కండరం స్రావక అవయవం కాగల అవకాశం ఉన్నా, కండరాన్ని యంత్రంగా చూసిన దృష్టి, వేరుచేసిన కండరంపై ప్రయోగాలు చేసే పద్ధతి ఆ ప్రశ్నను వెనక్కి నెట్టాయి.

2. ఆ ప్రశ్న తిరిగి తలెత్తడానికి ప్రజారోగ్య పరిశీలనలు, బతికి ఉన్న మనిషి రక్తాన్ని అవయవాల వారీగా కొలిచే నైపుణ్యం తోడ్పడ్డాయి.

3. ఇంటర్‌ల్యూకిన్-6 నాడీవిచ్ఛేద, మూలస్థాన, నిరోధ పరీక్షలను మనుషులలో ఎదుర్కొన్నది. కండరం గ్రంథి అన్న మాటకు ఇదే బలమైన ఆధారం.

4. మెదడుకు సంబంధించిన మయోకైన్ల విషయంలో నిరోధ పరీక్ష ఎలుకలలో జరిగిందే గానీ మనుషులలో జరగలేదు. మూలస్థాన పరీక్ష కొన్నిసార్లు కండరాన్ని కాక మెదడునో కాలేయాన్నో చూపింది.

5. ఐరిసిన్ ఉదంతం, కొలిచే సాధనాన్ని ముందుగా పరీక్షించవలసిన అవసరాన్ని గుర్తుచేస్తుంది.

నడక, వ్యాయామం మెదడుకు మేలు చేస్తాయని చెప్పడానికి ఈ అనిశ్చితి అడ్డు కాదు. ఆ మేలు ఏ హార్మోనును గుర్తించకముందే మనుషులలో కొలతలకు అందింది. తరగతి గదిలో ఈ విషయాన్ని బోధించే అధ్యాపకుడు మేలును నిశ్చయంగా చెప్పవచ్చు. దానిని మోసుకుపోయే వార్తాహరి పేరు చెప్పేటప్పుడు మాత్రం, ఆ పదార్థం ఏ పరీక్ష వరకు వచ్చిందో కూడా చెప్పడం అవసరం. కండబలం, బుద్ధిబలం వేర్వేరు కావన్న ఎరుకను ఈ పరిశోధన మనకు ఇచ్చింది. వాటిని కలిపే దారిని ఆద్యంతం గీయడం రాబోయే పరిశోధకుల పని.